ఇరుగుపొరుగు మధ్య మన సాక్ష్యం

ప్రశ్న: మేము ఈ వీధిలో చాలా కాలంగా నివసిస్తున్నాము. ఇరుగుపొరుగువారు వేర్వేరు విశ్వాసాలకు చెందినవారు. మంచికీ చెడుకూ ఒకరికొకరం అండగా ఉంటాము. ప్రతి విశ్వాసీ తన చుట్టుపక్కల వారికి సువార్త చెప్పాలని ఈ మధ్య మా సంఘ కాపరి పదే పదే బోధిస్తున్నారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు తప్పు చేసినట్టు అనిపిస్తుంది, ఎందుకంటే నేను మాట్లాడగలిగినదాన్ని కాను. పైగా మా సంఘ సహోదరుడొకరు ఇంటింటికీ కరపత్రాలు పంచుతూ, పొరుగువారి ఆరాధనను తప్పుపట్టి మాట్లాడటంతో కొందరు నొచ్చుకున్నారు. అప్పటినుంచి నాతోనూ ముభావంగా ఉంటున్నారు. ఇటీవల పక్కింటావిడ భర్త చనిపోయారు. ఒక సాయంత్రం ఆమెకు తోడుగా కూర్చున్నప్పుడు, "మీరూ కష్టాలు పడ్డారు కదా, మీకింత నెమ్మది ఎలా వచ్చింది?" అని ఆమె నన్ను అడిగారు. నేను ఏదో చెప్పి మాట మార్చేశాను. ఆ సంగతి నన్ను వదలడం లేదు. మంచిగా బ్రతికితే చాలదా? చెప్పాలంటే ఎలా మొదలుపెట్టాలి? మా స్త్రీల కూడికలో నాలాంటివారే ఎక్కువ, వారిని ఎలా ప్రోత్సహించాలి? ఆ కరపత్రాల వ్యవహారాన్ని ఎలా సరిదిద్దాలి? (పేరు ప్రచురించవద్దని కోరిన ఒక సహోదరి)

సమాధానం: ప్రభువునందు ప్రియమైన సహోదరికి వందనాలు. మీ ఉత్తరం చదివినప్పుడు నాకు ముందుగా కనిపించింది మీ భయం కాదు. పక్కింటావిడ దుఃఖంలో ఉన్నప్పుడు ఆమె దగ్గర కూర్చున్నది మీరు, అలాంటి ప్రశ్న అడగగలిగేంత నమ్మకం ఆమెకు కలిగింది కూడా మీ మీదే. సాక్ష్యమివ్వడంలో చాలామందికి చేతకాని భాగాన్ని మీరు ఇప్పటికే చేస్తున్నారు. మిగిలిన భాగం గురించే మనం మాట్లాడుకుందాం.

మీ భయంలో రెండు వేర్వేరు భయాలు కలిసిపోయి ఉన్నాయి. పొరుగువారిని నొప్పిస్తానేమో, వారి బలహీన సమయాన్ని వాడుకున్నట్టవుతుందేమో అన్న భయం ఒకటి. నా గురించి ఏమనుకుంటారో, ఇన్నాళ్ల మంచి పేరు పోతుందేమో అన్న భయం రెండవది. మొదటిది ప్రేమలోనుంచి పుట్టినది కాబట్టి దాన్ని పోగొట్టుకోవద్దు, ఆ సహోదరుడికి లోపించింది అదే. రెండవదాన్ని మాత్రం ప్రార్థనలో దేవుని ముందు ఉంచండి. ఈ రెంటినీ విడదీయకుండా "ధైర్యం తెచ్చుకోండి" అని మాత్రమే బోధించే ప్రసంగాలు సున్నితమైన మనసు గలవారిని అపరాధ భావంలోకి నెట్టి, మొదటి భయం అసలే లేనివారిని వీధిలోకి పంపుతాయి. ఈ మాట కొందరు కాపరులకు రుచించకపోవచ్చు గాని, మీ సంఘంలో జరిగింది అదేనని నాకు అనిపిస్తోంది.

"నేను మాట్లాడగలిగినదాన్ని కాను" అని రాశారు. సువార్త మొదటి తరంలో ఎవరి ద్వారా వ్యాపించిందో ఒకసారి చూడండి. స్తెఫను మరణం తరువాత యెరూషలేములోని సంఘానికి హింస కలిగినప్పుడు, అపొస్తలులు తప్ప మిగిలినవారందరూ చెదరిపోయారని అపొస్తలుల కార్యముల 8వ అధ్యాయం మొదటి వచనం చెబుతుంది. నాలుగో వచనం ప్రకారం సువార్త ప్రకటిస్తూ సంచరించినవారు ఆ చెదరిపోయినవారే. అంటే బోధకులుగా పేరున్నవారు యెరూషలేములోనే ఉండిపోగా, ఇల్లూ వాకిలీ వదిలి వెళ్లిన సామాన్య విశ్వాసులు తాము చేరిన ఊళ్లలో ఈ మాటను పంచుకున్నారు. 11వ అధ్యాయంలో అంతియొకయకు వచ్చి గ్రీసుదేశస్థులతో ప్రభువైన యేసును గూర్చి మాట్లాడినవారిని "కుప్రీయులు, కురేనీయులు" అని మాత్రమే లూకా పరిచయం చేస్తాడు, వారి పేర్లు కూడా రాయలేదు. బర్నబా వచ్చింది ఆ తరువాత, సౌలును (అంటే పౌలును) తీసుకొచ్చింది ఇంకా తరువాత. శిష్యులను మొదటిసారి క్రైస్తవులని పిలిచిన పట్టణంలో సంఘానికి పునాది వేసినవారు ఎవరో ఈనాటికీ మనకు తెలియదు.

రెండవ శతాబ్దం చివరి భాగంలో క్రైస్తవ్యాన్ని ఖండిస్తూ సెల్సస్ అనే తత్వవేత్త ఒక గ్రంథం రాశాడు. అది పోయింది గాని, సుమారు 248లో దానికి సమాధానం రాసిన క్రైస్తవ పండితుడు ఓరిగెన్ దాని మాటలను విస్తారంగా ఎత్తి చూపినందువల్ల అందులోని వాదన మనకు దక్కింది. ఉన్ని పనివారు, చెప్పులు కుట్టేవారు, బట్టలు ఉతికేవారు, చదువు సంధ్యలు లేనివారు ఇళ్లలో కూర్చుని ఈ మతాన్ని చెబుతున్నారన్నది సెల్సస్ ఎగతాళి. ఆ ఎగతాళి నాకు మంచి సాక్ష్యంగా కనిపిస్తుంది, ఎందుకంటే విశ్వాసం పని చేసే చోట్ల, ఇళ్లలో, ఒకరినొకరు ఎరిగినవారి మధ్య సాగిందని గిట్టనివాడే ఒప్పుకున్నాడు. అయితే ఇంటి పెద్దలు లేని సమయం చూసి పిల్లలకు బోధిస్తారని, తండ్రి మాట వినవద్దని వారికి నూరిపోస్తారని కూడా అతడు ఆరోపించాడు. ఆ ఆరోపణకు మనం ఈనాడు తావివ్వకూడదు. ఆ విషయానికి మళ్లీ వస్తాను.

సువార్తికులన్న ప్రత్యేక వరం కొందరికే ఉంటుందని ఎఫెసీయులకు రాసిన పత్రిక 4వ అధ్యాయం చెబుతున్న మాట నిజమే. అందువల్ల అందరూ వేదికలెక్కి ప్రసంగించాలని నేను అనను. కాని పేతురు తన మొదటి పత్రిక 3:15లో, మీలో ఉన్న నిరీక్షణను గూర్చి హేతువు అడిగే ప్రతివానికీ సాత్వికముతోను భయముతోను సమాధానం చెప్పుటకు సిద్ధంగా ఉండమని రాసింది విశ్వాసులందరికీ. వారు తాము నివసించే చోట కొద్దిమందిగా, పరాయివారిగా, చుట్టుపక్కలవారి అనుమానపు చూపుల మధ్య బ్రతుకుతున్నవారు. ఆ వచనంలో ఎవరో ఒకరు అడుగుతారన్న నమ్మకం ఉంది. ఎవరైనా ఎందుకు అడుగుతారు? మన బ్రతుకులో ఏదో ఆశ కనిపించాలి, మనం క్రీస్తును నమ్మినవారమని వారికి తెలిసి ఉండాలి, మనల్ని అడిగితే చిక్కుల్లో పడబోమన్న భరోసా కలగాలి. ఈ మూడూ మీ పక్కింటావిడకు కుదిరాయి, ఆమె అడిగారు కూడా.

మంచిగా బ్రతికితే చాలదా అన్న మీ ప్రశ్నను నేను తేలికగా తీసుకోను. విశ్వసించని భర్తలు భార్యల ప్రవర్తన వల్ల, వాక్యం లేకుండానే రాబట్టబడవచ్చని అదే పేతురు అదే అధ్యాయం మొదట్లో రాశాడు. ప్రవర్తనకు అంత బలముంది. అయితే ఆ భర్తలను "వాక్యమునకు అవిధేయులు" అంటున్నాడంటే, వారు వాక్యాన్ని విని ఉన్నారనే అర్థం. ప్రతిరోజూ దాన్నే మళ్లీ మళ్లీ చెప్పి విసిగించవద్దని భార్యలకు సలహా ఇస్తున్నాడే గాని, అసలు చెప్పకుండా దాచమని అనలేదు. మత్తయి 5:16లో కూడా మన సత్క్రియలను చూచినవారు పరలోకమందున్న తండ్రిని మహిమపరచాలని ప్రభువు అంటున్నాడు. మన మేలు వెనుక ఎవరున్నారో ఎన్నడూ చెప్పకపోతే ఆ మహిమ మన ఖాతాలోకే వస్తుంది, పొరుగువారు మనల్నే మంచివారని మెచ్చుకుని ఊరుకుంటారు. మంచి పేరు కాపాడుకోవడానికి మౌనంగా ఉండటంలో ఉన్న ప్రమాదం ఇదే.

అస్సీసీకి చెందిన సన్యాసి ఫ్రాన్సిస్ 1221లో తన సహోదరుల కోసం రాసిన నియమావళి 16వ అధ్యాయంలో, ముస్లింల మధ్యకు వెళ్లే సహోదరులు రెండు విధాలుగా నడుచుకోవచ్చని చెప్పాడు. వాదాలకూ తగవులకూ దిగకుండా, దేవుని నిమిత్తం అందరికీ లోబడి ఉంటూ, తాము క్రైస్తవులమని ఒప్పుకోవడం ఒకటి. అది దేవునికి ఇష్టమని తోచినప్పుడు వాక్యాన్ని ప్రకటించడం రెండవది. సిలువ యుద్ధాలు సాగుతున్న కాలంలో, స్వయంగా ఐగుప్తుకు వెళ్లి సుల్తానును కలిసి వచ్చిన తరువాత అతడు రాసిన మాటలివి. మొదటి విధంలోనే తాను ఎవరో దాచుకోకపోవడం ఉందని గమనించండి. మీ వంటివారికి ఈ క్రమం సరిగ్గా సరిపోతుందని నేను అనుకుంటాను.

ఎలా మొదలుపెట్టాలి? ఒక చిన్న సందర్భం చెబుతాను. సోమవారం పొద్దున పొరుగావిడ కనబడి, "నిన్న ఇంట్లో లేరే?" అని అడుగుతారు. మనలో చాలామందిమి "బయటికి వెళ్లొచ్చాం" అంటాము. అది అబద్ధం కాదు గాని, మన జీవితంలో ముఖ్యమైన ఒక గదికి తలుపు వేసేసినట్టే. దాని బదులు, "ఆరాధనకు వెళ్లాం. నిన్న క్షమించడం గురించి చెప్పారు. నేను ఒకరిని క్షమించలేక చాలా రోజులుగా బాధపడుతున్నాను, అందుకే ఆ మాట మనసులో తిరుగుతోంది" అనండి. అక్కడితో ఆపేయండి. ఆమె "ఎవరిని?" అని అడగవచ్చు, తన అత్తగారి సంగతి ఎత్తవచ్చు, లేదా "సరే, పని ఉంది" అని వెళ్లిపోవచ్చు. మూడింటిలో ఏది జరిగినా మీరు మీ గురించి నిజం చెప్పారు, ఆమెను దేనికీ బలవంతపెట్టలేదు. ఇలాంటి చిన్న నిజాయితీలు వారానికొకటి జరిగే ఇంట్లో, పెద్ద సంభాషణ ఏదో ఒకనాటికి దానంతట అదే వస్తుంది. ఎన్నడూ ఒక్క ముక్కా చెప్పకుండా ఉండి, అపరాధ భావం భరించలేక ఒకరోజు హఠాత్తుగా రక్షణ మార్గమంతా ఏకబిగిన వివరించేవారి ముందు పొరుగువారు బిత్తరపోవడంలో ఆశ్చర్యం లేదు.

మన కూడికల్లో వాడే మాటల విషయంలో కూడా కాస్త జాగ్రత్త అవసరం. "ప్రభువు నా భారాన్ని తీసివేశాడు, వాగ్దానం ఇచ్చి నన్ను బలపరిచాడు" అంటే మీ కూడికలో అందరూ తలలూపుతారు. పక్కింటావిడకు అందులో ఏమి జరిగిందో తెలియదు. "ఆ రోజుల్లో నాకు రాత్రిళ్లు నిద్ర పట్టేది కాదు. లేచి కూర్చుని, యేసుతో ఉన్నదున్నట్టు మాట్లాడేదాన్ని, కోపం కూడా చెప్పేదాన్ని. నేను ఒంటరిని కాదన్న నమ్మకం మెల్లగా కలిగింది" అంటే ఆమెకు అర్థమవుతుంది. (ఇవి ఉదాహరణకు రాసిన మాటలు. మీకు నిజంగా జరిగిందే చెప్పండి, జరగనిది ఒక్క మాట కూడా చేర్చవద్దు.)

గెరాసేనుల దేశంలో దయ్యాల పీడ నుంచి విడుదల పొందినవాడు తాను యేసుతో కూడా వస్తానని బతిమాలుకున్నాడని మార్కు 5వ అధ్యాయంలో చదువుతాము. ప్రభువు అతణ్ణి రానివ్వలేదు. ఇంటివారి దగ్గరకు వెళ్లి, ప్రభువు తనయందు కనికరపడి ఏమి చేశాడో చెప్పమన్నాడు. అతని పాత బ్రతుకు తెలిసినవారి దగ్గరకే పంపాడు, చెప్పడం అక్కడే అన్నిటికంటే కష్టం, వినేవారికి పరీక్షించి చూసుకునే వీలున్నదీ అక్కడే. అతనికి శిక్షణ ఏమీ లేదు, తనకు జరిగిన కార్యమొక్కటే అతని దగ్గరున్న సందేశం. సమరయ స్త్రీ అయితే ఒక ప్రశ్నతోనే సరిపెట్టింది. వచ్చి చూడండి, ఈయన క్రీస్తు కాడా అని ఊరివారిని అడిగింది. చివరికి ఆ ఊరివారు, ఇకమీదట నీవు చెప్పినందుకు కాదు, మేము స్వయంగా విని నమ్ముతున్నామని ఆమెతోనే అన్నారు. చెప్పినవారు పక్కకు తప్పుకోగలగడం ఈ పనిలో పెద్ద సంగతి.

ఇప్పుడు మీ పక్కింటావిడ విషయం. ఆమె అడిగిన ప్రశ్నకు గడువు తీరిపోలేదు. ఆమె కాస్త తేరుకున్న తరువాత, ఇద్దరే ఉన్న సమయంలో, "ఆ రోజు మీరు నన్నొక మాట అడిగారు. నేను సరిగా జవాబు చెప్పకుండా దాటవేశాను, అప్పటినుంచి మనసులో ఉంది. మీకు ఇష్టమైతే చెబుతాను" అనండి. ఇష్టమైతే అన్న మాట మర్యాద కోసం కాక నిజంగానే అనండి. వద్దంటే ఆ సంగతి అక్కడితో వదిలేసి, రేపు కూడా యథాప్రకారం ఆమె ఇంటికి వెళ్లండి. సరేనంటే మీ కష్టం, అందులో మీకు దొరికిన ఆదరణ కొద్ది నిమిషాల్లో చెప్పండి. ఆమె భర్త మరణానికి కారణాలు వెతకవద్దు. ఆయన ఇప్పుడెక్కడ ఉన్నాడన్న చర్చకు దిగవద్దు. యోబు స్నేహితులు ఏడు పగళ్లు, ఏడు రాత్రులు నేలపై అతనితో మౌనంగా కూర్చున్నంత వరకు మంచి స్నేహితులే, అతని కష్టానికి వివరణ ఇవ్వడం మొదలుపెట్టాకే గాయపరిచారు. ఆమె కోసం ప్రార్థించాలనిపిస్తే, "మీ కోసం రోజూ ప్రార్థిస్తున్నాను, ఇప్పుడు మీ ఎదుట చేయవచ్చా?" అని అడిగి, రెండు మూడు వాక్యాల్లో ముగించండి.

ఆమె ఏదైనా కఠినమైన ప్రశ్న వేస్తే తెలియనిది తెలియదని చెప్పడానికి వెనుకాడవద్దు. యోహాను 9వ అధ్యాయంలో చూపు పొందినవాడిని పరిసయ్యులు వేదాంత ప్రశ్నలతో నిలదీస్తే, అది నేనెరుగను, ఒకటి మాత్రం ఎరుగుదును, గుడ్డివాడినై ఉండి ఇప్పుడు చూస్తున్నానన్నాడు. అలాగే ఆమె విశ్వాసం గురించి మీరు కూడా అడగండి, అడిగి చివరిదాకా వినండి. 1974లో స్విట్జర్లాండ్‌లోని లొసాన్‌లో సువార్త విషయమై సమావేశమైన సంఘ నాయకులు వెలువరించిన లొసాన్ నిబంధన, క్రీస్తును ప్రకటించాలని గట్టిగా చెబుతూనే, ఎదుటివారిని అర్థం చేసుకోవడానికి సున్నితంగా వినే సంభాషణ కూడా తప్పనిసరి అంది. వినకుండా చెప్పేవారి మాట ఎదుటివారికి తమ కోసం వచ్చినట్టు అనిపించదు.

కొన్ని హద్దులు కూడా చెప్పాలి. 2011లో ప్రపంచ సంఘాల మండలి, రోమన్ కతోలిక సంఘంలో మతాల మధ్య సంభాషణ కోసం ఉన్న మండలి, ప్రపంచ సువార్తిక కూటమి కలిసి, పలు మతాల మధ్య క్రైస్తవ సాక్ష్యం ఎలా ఉండాలో ఒక పత్రం వెలువరించాయి. వేర్వేరు సంప్రదాయాలకు చెందిన ఇంతమంది ఏకమై చెప్పిన మాటల్లో ఒకటి, మోసం, బలవంతం, డబ్బు ఆశ చూపడం సువార్తకు తగవని. కాబట్టి సాయం చేస్తే సాయంగానే చేయండి, దానికి ప్రతిగా కూడికకు రావాలన్న ఆశను లోపల కూడా పెట్టుకోవద్దు. మీ దగ్గర పనిచేసేవారు, మీ వద్ద చదువుకునేవారు, మీ సంరక్షణలో ఉన్న రోగులు కాదనలేని స్థితిలో ఉంటారు గనుక వారి విషయంలో రెట్టింపు జాగ్రత్త అవసరం. సెల్సస్ ఆరోపణ గుర్తుంచుకుని, ఇతరుల పిల్లలతో వారి తల్లిదండ్రులకు తెలియకుండా విశ్వాస విషయాలు మాట్లాడవద్దు. తన దగ్గరకు వచ్చిన ధనవంతుణ్ణి యేసు చూసి ప్రేమించాడని మార్కు రాశాడు, అయినా అతడు దుఃఖపడుతూ వెళ్లిపోయినప్పుడు వెంటపడి బతిమాలలేదు, షరతులు తగ్గించనూ లేదు. వెళ్లిపోయే స్వేచ్ఛను ఎదుటివారికి ఇవ్వలేని సాక్ష్యం ఆయన పద్ధతికి చెందదు. పొరుగావిడ ఎన్నటికీ నమ్మకపోయినా మీ స్నేహం ఇలాగే ఉండాలి, ఆ నిశ్చయం ముందు మీలో కుదరాలి.

మీ స్త్రీల కూడిక విషయానికి వస్తే, ఎవరెంతమందికి చెప్పారన్న లెక్కలు అడగడం మొదలుపెట్టవద్దు. లెక్క అడిగిన చోట పొరుగువారు మనుషులుగా కాక అంకెలుగా కనిపిస్తారు. దాని బదులు ప్రతి ఒక్కరూ తాము నిజంగా ఎరిగిన ఇద్దరు ముగ్గురి కోసం ప్రార్థించడం అలవాటు చేసుకోండి. వారి సొంత రహస్యాలు మాత్రం కూడికలో బయటపెట్టవద్దు, ప్రార్థన అంశం పేరుతో జరిగే చాడీలు ఎన్నో నమ్మకాలను పాడుచేశాయి. పౌలు అంతటివాడు, తాను వాక్యం చెప్పడానికి దేవుడు ద్వారం తెరవాలని ప్రార్థించమని కొలొస్సయులను అడుక్కున్నాడు. ఒక్కొక్క వారం ఒక్కొక్కరు తమ అనుభవాన్ని సంఘం మాటలు లేకుండా కొద్దిసేపట్లో చెప్పి చూడండి, మిగిలినవారు అర్థం కాని చోట ఆపి అడగాలి. మొదట నవ్వులాటగా ఉన్నా, చాలామందికి తమ కథను తమ నోటితో చెప్పుకోవడం అదే మొదటిసారి అవుతుంది.

ఇంకొక మాట మీ కాపరిగారికి కూడా చేరవేయండి. వారంలో సాయంత్రాలన్నీ సంఘ కార్యక్రమాలతో నింపేసి, పొరుగువారితో కలిసిమెలిసి ఉండమని బోధిస్తే అది విశ్వాసులకు సాధ్యం కాదు. అకుల ప్రిస్కిల్ల దంపతులు డేరాలు కుట్టుకుంటూ తమ ఇంటిని తెరిచి ఉంచారు కాబట్టే పౌలుకు చోటు దొరికింది, అపొల్లోకు బోధ దొరికింది. కూడికల్లో ఒకటి తగ్గించి, ఆ సాయంత్రం ఎవరినైనా ఇంటికి పిలవమని లేదా వీధివారు చేసుకునే ఉమ్మడి పనుల్లో అందరిలో ఒకరుగా పాల్గొనమని ఆయన చెప్పగలిగితే, పది ప్రసంగాలకంటే అది ఎక్కువ మేలు చేస్తుంది. తాను నాటితే అపొల్లో నీళ్లు పోశాడని, వృద్ధి కలుగజేసినవాడు దేవుడని పౌలు రాసిన మాట మీ కూడికలో నిరుత్సాహపడేవారికి చదివి వినిపించండి.

ఇక కరపత్రాల సంగతి. ఆ సహోదరుడి ఆసక్తిని నేను తప్పుపట్టను, పద్ధతిని తప్పుపడతాను, అందుకు ఆధారం కూడా లేఖనమే. ఎఫెసులో అల్లరి చెలరేగినప్పుడు పౌలు అనుచరుల గురించి అక్కడి కరణము, వీరు గుడి దోచినవారు కారు, మన దేవతను దూషించినవారు కారు అని జనం ముందు చెప్పాడు (అపొస్తలుల కార్యములు 19:37). సుమారు రెండేళ్లు ఆ పట్టణంలో యేసును ప్రకటించిన తరువాత కూడా పరాయి అధికారి అలాంటి మాట చెప్పగలిగాడు. ఏథెన్సులో విగ్రహాలను చూసి పౌలు ఆత్మ పరితపించింది, అయినా నోరు విప్పినప్పుడు వారి బలిపీఠాన్ని, వారి కవుల మాటలను పట్టుకునే మొదలుపెట్టాడు. ఈ రెండు భాగాలను ఆ సహోదరుడితో కలిసి చదవండి. ముందుగా ఆయనతో ఏకాంతంగా మాట్లాడండి, మత్తయి 18:15 చెప్పే క్రమం అదే. మీరొక్కరే వెళ్లడం ఇబ్బంది అయితే మీ ఇంటివారిని తోడు తీసుకువెళ్లండి. ఆయన ఒప్పుకుంటే, నొచ్చుకున్న ఇళ్లకు ఆయనే స్వయంగా వెళ్లి, "మీ ఆరాధన గురించి నేనన్న మాటలు తప్పు, క్షమించండి" అని చెప్పి రావాలి. ఆ రోజు చేతిలో కరపత్రం ఉండకూడదు, క్షమాపణ వెనుక మరో బోధ చేర్చకూడదు. ఆయన ఒప్పుకోకపోతే విషయం కాపరిగారి దృష్టికి తీసుకువెళ్లండి. అది తేలేదాకా ఆగకుండా, ముభావంగా ఉంటున్న ఆ ఇళ్లకు మీరే వెళ్లి, "మా సంఘం వారివల్ల మీ మనసు నొచ్చుకుంది, నాకు చాలా బాధగా ఉంది" అని ఈ వారంలోనే చెప్పండి.